నాలుగో గొట్టం

షామియానా వాళ్ళకి చెప్పాలి. చర్చి నుంచి కుర్చీలు తెప్పించాలి. పాస్టరుగారికి ఇంకోసారి గుర్తు చేయాలి. పలావు వండే మనిషిని మాట్లాడాలి. బాబాయి ఫొటోకి పగిలిన అద్దం మార్పించాలి. వాకిట్లో బండి కింద నుంచి జాకీ తీయాలి. తీయాలంటే ముందు నాలుగో గొట్టం ఎక్కాలి.

ఈ పనులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ నేను నడుస్తున్నాను, పైన మైకులో ఎవరో వాటినే బస్సుల పేర్లు చదివినట్టు ముక్కుతో, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా చదువుతున్నారు: "షామియానా, కుర్చీలు, పలావు, ఫొటో అద్దం మీదుగా నాలుగో గొట్టం పోవు ప్రయాణికులు నాలుగో ప్లాట్‌ఫారం వద్దకు రావలెను." ఇది తెనాలి బస్టాండే, కానీ కాళ్ళ కింద నేల మాత్రం మా పిన్ని వాళ్ళ వాకిలి గచ్చు, తులసి కోటంత ఎత్తున కుండీలో పిన్ని పెంచే కరివేపాకు మొక్కతో సహా. ప్లాట్‌ఫారం స్తంభాల మధ్య పిన్ని బట్టల తీగ కట్టి ఉంది, దాని మీద ఖాకీ చొక్కాలు ఆరుతున్నాయి, జనం మూటలూ పెట్టెలూ పట్టుకుని వాటి కింద నుంచి తల వంచుకుని దాటిపోతున్నారు, ఒక్కరూ విసుక్కోవడం లేదు.

నాలుగో ప్లాట్‌ఫారంలో బస్సు లేదు. రెండు తలుపుల ఎర్రటి బండి ఒకటి, ముందు చక్రాలు గాల్లోకి లేచి, స్టాండ్ల మీద నిలబడి ఉంది. దాని కింద నుంచి రెండు పాదాలు బయటికి ఉన్నాయి. కుడి బొటనవేలి గోరు నల్లగా, పెచ్చులుగా ఉంది. ఎప్పుడో స్పేరు టైరు మీద పడి నలిగిన గోరు అది. నాకు బాగా తెలిసిన గోరు.

ఆశీర్వాదం బాబాయి. మా నాన్న తమ్ముడు. ఉద్యోగమంతా ఆర్టీసీ బస్సు తోలాడు, పోయినేడాది గుండె ఆగి పోయాడు. పోయాడన్న సంగతి నాకు ఈ కలలో కూడా తెలుసు, అయినా అదేం పెద్ద అడ్డంకిలా అనిపించడం లేదు, రైలు గేటు పడ్డప్పుడు ఇవతలివాళ్ళూ అవతలివాళ్ళూ కబుర్లాడుకున్నట్టే ఉంది.

"పానా ఇయ్యి కెజీ," అంటాడు కింద నుంచి, నన్ను పేరు పెట్టి పిలిచి, చెయ్యి మాత్రం చాచి.

"బాబాయ్, నువ్వు పోయావు కదా."

"పోతే? పోయినోడికి పానా ఇయ్యగూడదని రూలేమన్నా రాసుందా?"

నా చేతిలో ఉన్నది ఇస్తాను. అది పానా కాదు, పిన్ని అట్లకాడ. ఆయన దాన్నే తీసుకుని కింద ఏదో తిప్పుతున్నాడు, నట్టు కిర్రుమని కదులుతోంది కూడా.

ఈ బండి సంగతి చెప్పాలి. రిటైరైన కొత్తలో బాబాయి రేపల్లె వైపు ఒక రొయ్యల చెరువుల ఆసామి షెడ్డులో, వలల కుప్పల కింద దుమ్ముకొట్టుకుపోయి ఉన్న దీన్ని చూశాడు. పందేలకి తోలే జాతి బండి, నేలకి ఆనుకుని, రెండే సీట్లు. కొనుక్కుని లారీ మీద వేయించుకొచ్చాడు. పేటంతా నవ్వింది. ఎదురింటి యోహానన్న గేటు పట్టుకుని నిలబడి, "ఏం బావా, మూడోవాడు ఎక్కాలంటే టాపు మీద ఎక్కాలా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ బస్సుడు జనాన్ని మోశాను బావా," అన్నాడు బాబాయి, "ఇక ఒక్క మనిషిని మోస్తే చాలు." ఆ ఒక్క మనిషి సువార్త పిన్ని వంటింట్లోంచి వింటూనే ఉంది. "నేనా గూట్లో కూర్చోను, నడుం పట్టేస్తది," అంది.

ఇంజన్ నడిచింది, కానీ బాబాయికి దాని గొంతు నచ్చలేదు. దగ్గొచ్చినవాడు దుప్పట్లో దగ్గినట్టుంది అన్నాడు. ఎక్కడో కోయంబత్తూరు నుంచి పార్సెల్ తెప్పించాడు. అందులో హెడ్డర్లు వచ్చాయి. ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చేచోట ఉండే పాత ఇనప పోత తీసేసి, దాని బదులు పెట్టే నాలుగు స్టీలు గొట్టాలు. నాలుగూ విడివిడిగా బయల్దేరి, మెలికలు తిరిగి, చివర ఒక్కటిగా అతుక్కుని ఉంటాయి. ఆదివారాలు ఆరాధన అయ్యాక, తెల్లబట్టలు విప్పేసి, నేనూ బాబాయీ వాకిట్లో ఆ పని మీద కూర్చునేవాళ్ళం. పాత ఇనుము ఊడిరావడానికే చాలా వారాలు పట్టింది. అది ఊడొచ్చిన రోజున బాబాయి దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గోడవార పెట్టి, "ఇక ఎక్కించడమే. వచ్చే ఆదివారం," అని చేతులు కడుక్కున్నాడు.

ఆ ఆదివారం మేము ఆయన్ని సమాధుల దొడ్డికి తీసుకెళ్ళి వచ్చి కూర్చుని ఉన్నాము.

"ఎంతవరకొచ్చింది?" అంటున్నాడిప్పుడు, బండి కింద నుంచి జారుకుంటూ బయటికొచ్చి. మొహం మీద మసి లేదు. అదొక్కటే తేడా.

"మూడు ఎక్కాయి. నాలుగోది రావడం లేదు బాబాయ్. వడ్లగింజంత దూరంలో ఆగిపోతోంది."

"రేపేగా కూటం?"

"రేపే. నీ జ్ఞాపకార్థ కూటం. వాకిలి ఖాళీ చేస్తేగాని షామియానా పడదు. నలుగురం పట్టి బండిని తోసేద్దామంటే పిన్ని తోయనివ్వడం లేదు."

"ఏమంటది?"

చెప్పడానికి నేను కొంచెం వెనకాడతాను, ఎందుకంటే ఆ మాట ఆయన గురించే. కానీ బస్టాండులో వెలుతురు ఎంత తేలిగ్గా ఉందంటే ఏ మాటైనా చెప్పొచ్చనిపిస్తోంది.

"'మీ బాబాయిని నలుగురు మోసుకుపోయారు, చూశాను. ఇదీ అట్టా పోడానికి వీల్లేదు. దాని కాళ్ళతో అది గేటు దాటాల,' అంది."

బాబాయి నవ్వుతాడు, నవ్వుతూనే పోయి సిమెంటు బల్ల మీద కూర్చుంటాడు. నేను పక్కన కూర్చుంటాను. మైకు ఇప్పుడు నా డిగ్రీ మార్కులు చదువుతోంది, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, ఎవరూ వినడం లేదు. మా ఇంట్లో మొదట డిగ్రీ పాసైంది నేను. అందుకే పార్సెల్లో వచ్చిన ఇంగ్లీషు కాగితం నాకు అప్పజెప్పారు, బాబాయి పోయాక బండి కూడా నాకే అప్పజెప్పినట్టయింది. కాదనడం నాకు చేతకాదు. అప్పజెప్పిన పని పూర్తి చేయాలి, అంతే.

"అక్కడ ఎలా ఉంటుంది బాబాయ్?" ఇది అడగాలని నాకు ఏడాదిగా ఉంది.

"ఎక్కడ?"

"నువ్వుండే చోట. బండ్లున్నాయా?"

"ఎవరూ ఎక్కడికీ పోయేది లేనప్పుడు బండ్లెందుకమ్మాయ్? పోవాల్సినోళ్ళంతా వచ్చేసినోళ్ళేగా."

"మరి నువ్వేం చేస్తావు?"

"కూర్చుంటాను. బానే ఉంటది. అందరూ మంచోళ్ళే. ఒకటే ఇబ్బంది," అని ఎడమ మోకాలు ముందుకి చాపుతాడు. "ఈ కాలికి చలేస్తది."

నేను అరచెయ్యి పెట్టి చూస్తాను. నిజమే, వానలో నానిన రాయిలా ఉంది. నాకు ఆ మోకాలు వేరేలా గుర్తు. పాత బస్సుల్లో ఇంజన్ డ్రైవరు ఎడమపక్కనే, మూత కింద కాగుతూ ఉండేది, ఆ వేడికి బాబాయి ఎడమకాలు మీద వెంట్రుకలు కూడా మొలిచేవి కావు, ఇంటికొచ్చాక పిన్ని ఆ ఒక్క కాలికే కొబ్బరినూనె రాసేది. ఎండాకాలం దాన్ని తిట్టుకుంటూ ఉండేవాడు. ఇప్పుడా వేడి కావాలంటున్నాడు.

"ఇన్నేళ్ళ అలవాటు," అంటాడు, సంజాయిషీ చెప్పినట్టు.

"బాబాయ్, అసలీ గొట్టాలెందుకు? ఉన్నదానితో నడుస్తూనే ఉందిగా."

"ఇదుగో, గేటు చూడు."

చూస్తాను. సాయంత్రం బస్టాండు గేటు. నాలుగు ప్లాట్‌ఫారాల్లోంచీ బస్సులు ఒక్కసారే బయల్దేరి, ఒకే గేటు దగ్గర మూతులు ఆనించుకుని, హారన్లు కొట్టుకుంటూ ఆగిపోయి ఉన్నాయి. చక్రాల కింద దుమ్ము బదులు పొగ లేస్తోంది.

"పాత ఇనుము ఇది. నాలుగు సిలిండర్ల పొగా ఒకే గదిలో పడి ఒకదాన్నొకటి తోసుకుంటది. బండి సగం బలం ఆ తోపులాటకే పోయె. ఇప్పుడు చూడు."

ఆయన చెయ్యి ఊపుతాడు, గేటు మాయమవుతుంది. నాలుగు ప్లాట్‌ఫారాల నుంచీ నాలుగు రోడ్లు, మెరుస్తూ, దేని వంపు దానిదిగా సాగి, ఊరు దాటాక ఎక్కడో చల్లగా కలుసుకుంటున్నాయి. వేడికి స్టీలు రంగు తిరిగినట్టు అక్కడక్కడా పసుపు, నీలం. బస్సులు ఒకదాని వెనక ఒకటి, "నువ్వు ముందు పో," అని మర్యాద చేసుకుంటున్నట్టు వెళ్తున్నాయి.

"అంతేనా?" అంటాను.

"అంతే. ఎవరి దారి వాళ్ళకిస్తే కొట్లాట ఉండదు. పద."

ఎప్పుడు ఎక్కానో తెలియదు, నేను బస్సులో ఇంజన్ మూత మీద కూర్చుని ఉన్నాను, కాలేజీ రోజుల్లో కూర్చున్నట్టే, ఒళ్ళో పుస్తకంతో, కింద నుంచి వెచ్చగా. బాబాయి తోలుతున్నాడు. బస్సే, కానీ బయట రోడ్డు నా చెవికి ఆనుకుని పోతోంది, అంటే ఎర్ర బండి కూడా ఇదే. రోడ్డు స్టీలుది, వంపు తిరిగినప్పుడల్లా మా మొహాలు దాని మీద సాగి కనపడుతున్నాయి. ఎన్నో గొట్టంలో పోతున్నామని అడుగుతాను. "ఇంకా ఎక్కందాంట్లో," అంటాడు.

వెనక్కి తిరిగి చూస్తే బస్సులో ముగ్గురే కూర్చుని ఉన్నారు. ముగ్గురూ సీట్లకి కదలకుండా బిగిసిపోయి, మోకాళ్ళు ఎడంగా, ఉన్న చోటంతా ఆక్రమించుకుని, ఫొటోకి కూర్చున్నవాళ్ళలా ఎదురుగా చూస్తున్నారు. నాలుగో మనిషి ఫుట్‌బోర్డు మీద వేలాడుతోంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, చేతిలో క్యారియరు. సువార్త పిన్ని. బతికున్న మనిషి ఇక్కడేం చేస్తోందని అనుకుంటాను, ఆ వెంటనే నేను కూడా బతికున్నదాన్నే కదా అని గుర్తొస్తుంది.

"పిన్నికి చోటు లేదు బాబాయ్!"

"వాళ్ళ ముగ్గుర్నీ ఎవరు కూర్చోబెట్టారు?"

"నేనే."

"కదలకుండా బిగించావే."

"కదలకూడదనే కదా. ఒకళ్ళని పూర్తిగా కూర్చోబెట్టాక రెండోవాళ్ళు, రెండోవాళ్ళయ్యాక మూడు. నేను చదువుకున్నది కూడా అట్లాగే, ఒక పాఠం గట్టిగా వచ్చాకే ఇంకో పాఠం. సగం సగం పనులు నాకు నచ్చవు."

"మంచిదే. మీ పిన్ని పడిపోద్ది మరి."

"ఏం చేయను?"

"నేను డ్రైవర్ని, నన్నడిగితే ఏం చెప్తాను?" బాబాయి రోడ్డు మీద నుంచి చూపు తిప్పడం లేదు. "మన బస్సుల్లో ఎప్పుడన్నా పండక్కి పోలా నువ్వు? జనం కిక్కిరిసి, ఫుట్‌బోర్డు మీద నలుగురు వేలాడుతుంటే కండక్టరు గొంతు చించుకుంటాడు, జరగండి, జరగండి అని. ఒక్కడు జరగడు. అప్పుడు నేనేం చేసేవాణ్ణి?"

నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. కానీ కలలో తెలిసిన మాట నోట్లోంచి రాదు. అదే సమయంలో పిన్ని ఫుట్‌బోర్డు మీద నుంచి, "పోనియ్యండి, నాకేం, నేనిట్టాగే వస్తా, క్యారియరు మాత్రం అందుకోండి ఎవరన్నా," అంటోంది, ఆ ముగ్గురూ చేతులు చాచరు.

"నీకింకో మాట అడగాలి," అంటాను కంగారుగా, ఎందుకంటే రోడ్డు వంపు తిరుగుతోంది, అది మా పేట మలుపు, గుర్తుపట్టాను, మలుపు తర్వాత పిన్ని వాళ్ళ ఇల్లే. "అంతా పొగ కోసమే అయితే ఇంజన్ గొంతు నచ్చలేదని ఎందుకన్నావు? మోత ఎందుకు నీకు? నువ్వు నెమ్మదస్తుడివి. హారన్ కూడా కొట్టేవాడివి కాదు."

బాబాయి గేరు రాడ్డు మీద చెయ్యేస్తాడు.

"ఈ మలుపులో మూడో గేరుకి దించేవాణ్ణి. బస్సు ఒక అరుపు అరిచేది. ఇంట్లోకి వినపడేది అది."

"వినపడితే?"

"ఏముంది. పెనం పొయ్యి మీదకెక్కేది. నేను డిపోలో బస్సు పెట్టి సైకిలు మీద ఇంటికొచ్చేసరికి అట్టు పళ్ళెంలో ఉండేది. ఒక్క మాట అనుకున్నది లేదు, ఏళ్ళ తరబడి అంతే. రిటైరయ్యాక చూడు, నడిచొచ్చేవాడికి చప్పుడేముంటది? గేటు దగ్గర నిలబడి, వచ్చానే, వచ్చానే అని అరవాల్సొచ్చె. వచ్చావా అని అప్పుడు లేస్తది. అన్నం పెడతది, పెట్టదని కాదు. కానీ..." అని ఆపేస్తాడు.

"పిన్నికి ఈ సంగతి చెప్పావా?"

"చెప్పేదేంది? వినిపించాల."

మలుపు వచ్చేసింది. ఆయన నా వైపు తిరుగుతాడు, బడికి వెళ్ళే పిల్లని ఎక్కించుకున్న రోజుల్లో తిరిగినట్టు, కళ్ళు చికిలించి.

"గట్టిగా పట్టుకో అమ్మాయ్. ఇప్పుడు చూడు అందరూ ఎట్టా సర్దుకుంటారో."

అని చిన్నగా, కావాలని, ఒక్క బ్రేకు కొడతాడు.

నేను ముందుకి తూలి కళ్ళు తెరిచాను.

మిట్టమధ్యాహ్నం. వాకిట్లో బండి పక్కన పరిచిన చాప మీద పడుకుని ఉన్నాను, నిద్రపోవాలని పడుకోలేదు. పానా చేతిలోనే ఉంది. నీడ కోసం బండి మీదుగా కట్టిన టార్పాలిన్‌కి ఒక చోట చిరుగు ఉంది, దానిలోంచి ఎండ బిళ్ళలాగా దిగి సరిగ్గా నా ఎడమ మోకాలి మీద పడుతోంది. ఒళ్ళంతా నీడలో చల్లగా ఉంది. ఆ మోకాలు ఒక్కటే, నడిచి ఆగిన ఇంజన్ మూతలా, కాలుతోంది.

కొంతసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత బండి మీదకి వంగి, నేను బలమంతా పెట్టి బిగించిన మూడు గొట్టాల నట్లూ ఒక్కొక్కటిగా వదులు చేశాను. ఊడదీయలేదు, వేళ్ళతో తిరిగేటంత వదులు. కిందికి దూరి, నాలుగూ కలిసే చోట పట్టుకుని ఒక్క కుదుపు కుదిపాను. మూడూ కొంచెం కొంచెం జరిగాయి. నాలుగోది తన చోట్లోకి దానంతటదే వచ్చి కూర్చుంది. అప్పుడు అన్నిటినీ కలిపి, ఒకదానికొకటి చూసుకుంటూ, కొద్దికొద్దిగా బిగించాను.

వెనక్కి పోయే పొగగొట్టం తగిలించి, జాకీ దించి, బ్యాటరీ వైరు పెట్టి తాళం తిప్పేసరికి సాయంత్రమైంది. మొదట రెండుసార్లు ఏమీ లేదు. మూడోసారి అందుకుంది. అది దుప్పట్లో దగ్గు కాదు. నిండు గొంతు, బరువైనది, గోడల్లోంచి పోయేది. యోహానన్న గేటు దగ్గరకొచ్చి, "ఓర్నీ, బావ బస్సే!" అన్నాడు.

బండిని మెల్లగా కదిపాను. దాని కాళ్ళతో అది గేటు దాటింది. చర్చి దొడ్లో పెట్టే ముందు మలుపు దాకా తీసుకెళ్ళి, వెనక్కి తిరిగొచ్చేటప్పుడు అక్కడ గేరు దించాను. ఇంటి ముందు ఆపి చూస్తే పిన్ని వాకిట్లో లేదు. బండి గేటు దాటడం చూడటానికైనా వస్తుందనుకున్నాను. లోపలికి వెళ్ళాను. పొయ్యి మీద పెనం ఉంది, కాగి పొగలొస్తోంది, పిన్ని దాని ముందు అట్లకాడ పట్టుకుని నిలబడి ఉంది. పిండి గిన్నె ఇంకా అలమరలోనే ఉంది.

"ఎందుకు పెట్టానే ఇది?" అంది నన్ను చూసి.

నేను కల చెప్పలేదు. అలమరలోంచి పిండి గిన్నె తీసి ఆమె పక్కన పెట్టాను.

మర్నాడు కూటంలో ఒక్కొక్కరే లేచి బాబాయి గురించి ఒక్కో మాట చెప్పారు. నా వంతొచ్చినప్పుడు లేచి, మైకు ముందు వందనాలని మాత్రం చెప్పి కూర్చున్నాను. చెప్పాల్సింది మిగిలిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీరెప్పుడైనా కిటకిటలాడే బస్సులో ఉన్నప్పుడు డ్రైవరు చిన్నగా, కావాలనే, ఒక్క బ్రేకు కొడితే, అందరూ తూలి సర్దుకుని, ఫుట్‌బోర్డు మీద మనిషికి లోపల చోటు దొరికితే, అతన్ని తిట్టుకోకండి. మా ఆశీర్వాదం బాబాయిని ఒక్కసారి తలుచుకోండి.